ఖాడీ బురద, మా చెరువు మట్టి

పాలమూరు నుంచి బొంబాయికి వలసపోయిన కుటుంబాల పిల్లలను అడిగితే, ఎత్తైన మేడల గురించో, లోకల్ రైళ్ల గురించో, నీళ్ల ట్యాంకరు ముందు బిందెల వరుస గురించో చెబుతారు. నాకు మాత్రం ఆ నగరం పేరు వినగానే శివడీ తీరంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే బురద మైదానమూ, దాని మీద తలలు వంచి మేత వెతుక్కునే వేలాది పిట్టలూ గుర్తుకొస్తాయి. 1990ల రెండో సగంలో అమ్మ, నాయిన అక్కడ కట్టుబడి పనుల్లో ఉన్నప్పుడు చూసిన ఆ బురదే తరువాత నాచేత జంతుశాస్త్రం చదివించిందని, ఇవాళ పాలమూరులోనే ఒక ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం బోధించే ఉద్యోగంలో నిలబెట్టిందని నమ్ముతాను.

నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు ఊళ్ల నుంచి బొంబాయికి పోవడం మా తరంతో మొదలైంది కాదు. నిజాం రాజ్యం నుంచి పోయి ఆ నగరంలో ఇళ్లు కట్టిన తెలుగు కూలీలను అక్కడ కామాటీలు అనేవారు. వాళ్లు స్థిరపడిన పేటకు కామాటిపుర అన్న పేరు నేటికీ మిగిలి ఉంది. మా కాలానికి వలసకు ఒక లెక్క ఏర్పడింది. వానకాలం పంట ఇంటికి చేరి, దీపావళి దాటాక గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని బస్సెక్కడం, రోహిణి ఎండలు ముదిరి మృగశిర కార్తె దగ్గర పడగానే విత్తనాల వేళకు ఊరికి తిరిగి రావడం. శివడీ బురదకు మేతకొచ్చే పిట్టలు కూడా ఇంచుమించు నవంబరులో దిగి, మే చివరికి వెళ్లిపోతాయి. ఈ సంగతి తెలియని వయసులో కూడా, మేము గుడారం వేసుకునే రోజులకు అవీ వచ్చేవని, మేము మూటలు కట్టుకునే రోజులకు బురద ఖాళీ అయ్యేదని గమనించాను.

ముందు మా ఊరి చెరువు గురించి చెప్పాలి, ఎందుకంటే బురదను చూసే చూపు అక్కడే అబ్బింది. నాయిన మట్టిపనిలో పేరున్న మనిషి. ఎండాకాలంలో చెరువు అడుగంటినప్పుడు ఒండ్రుమట్టిని బండ్లకెత్తి చేన్లకు తోలేవాళ్లు. ఏ మూలన తవ్వితే సారమున్న మట్టి దొరుకుతుందో ఆయనను అడిగి తెలుసుకునేవాళ్లు. గాలానికి ఎర్రలు కావాలన్నా ఆయన వెంటే పోవాలి. శిఖం అంచున పార దించి, ఒక పెళ్లను పైకి లేపి, రెండు చేతులతో నిలువునా విరిచేవాడు. పైన వేలెడు మందం గోధుమరంగు పొర ఉండి, అందులోంచి సన్నటి గోధుమ గీతలు కిందికి దిగుతూ కనిపిస్తే, "ఈడ పురుగుంది బిడ్డా, తవ్వు" అనేవాడు. పైనుంచి కింద దాకా నల్లగా ఉండి, కుళ్లిన గుడ్డు వాసన ముక్కుకు తగిలితే, పెళ్లను అక్కడే పడేసి, "పోదాం పా, ఈ మట్టికి ఊపిరాడుతలేదు" అనేవాడు.

ఆయన చదువుకోలేదు. కానీ ఆ మాటల్లో ఉన్నది అక్షరాలా శాస్త్రమేనని డిగ్రీ తరగతి గదిలో కూర్చున్న రోజున తెలిసి నాకు కళ్లు చెమర్చాయి. నీటి అడుగు బురదలోకి ఆక్సిజన్ తనంతట తాను కొన్ని మిల్లీమీటర్లకు మించి దిగలేదు. ఆ కొద్ది మందంలోనే మట్టిలోని ఇనుము తుప్పురంగులో ఉంటుంది. అంతకన్నా లోతుకు ఆక్సిజన్ చేరాలంటే పురుగులు బొరియలు తవ్వి, ఒళ్లు ఆడిస్తూ పైనీటిని లోపలికి లాగాలి. నాయిన వెతికిన గోధుమ గీతలు ఆ బొరియల గోడలే. ఆక్సిజన్ లేని చోట వేరే రకం బ్యాక్టీరియా సల్ఫేటును వాడుకొని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, అది ఇనుముతో కలిస్తే మట్టి నల్లబడుతుంది. సముద్రపు నీటిలో సల్ఫేటు చెరువు నీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, ఊపిరాడని బురద కంపు సముద్రతీరంలో మరింత ఘాటుగా ఉంటుంది. శివడీలో దిగిన మొదటి రోజు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి కారణం అదే.

మా చెరువులో ఎవరి తిండి వాళ్లదే. గుల్లకొంగ నత్తల కోసమే వచ్చేది. దాని ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలి ఉంటుంది, ఆ ముక్కు కొనతో గుల్లను పగలగొట్టకుండానే లోపలి మాంసాన్ని లాగి మింగే పనితనాన్ని కట్ట మీద కూర్చొని గంటలకొద్దీ చూసేవాణ్ణి. తెడ్డుమూతి కొంగలు వరుసగా నిలబడి, సగం తెరిచిన ముక్కును నీటిలో అటూ ఇటూ ఊపుకుంటూ ముందుకు సాగేవి. కంకణం పిట్టలు వంకర ముక్కును మెత్తటి అంచుల్లో గుచ్చి గుచ్చి లాగేవి. చలికాలంలో వచ్చే చిన్న ఉల్లంకి పిట్టలు తడి మట్టి మీద క్షణం నిలవకుండా పరుగులు పెట్టేవి. ఇవన్నీ కంటికి కనిపించని తిండిని ముక్కుతో తడిమి తెలుసుకుంటాయని అప్పుడు నాకు తెలియదు. ముక్కు కొనలో సన్నటి గుంటల నిండా స్పర్శను పట్టే కణాలుంటాయి. బురద లోపల పురుగు కదిలినప్పుడు పుట్టే ఒత్తిడిని అవి అందుకుంటాయి.

శివడీ బురద ముందు మా చెరువు ఒక మూలకు కూడా రాదు. థానే ఖాడీ అని అక్కడివాళ్లు పిలిచే సముద్రపు పాయ బొంబాయి నగరానికీ నవీ ముంబైకీ మధ్య దాదాపు 26 కిలోమీటర్ల పొడవున ఉత్తరానికి చొచ్చుకుపోతుంది. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు ఆటు. అమావాస్య, పౌర్ణమి దినాల్లో నీరు నాలుగు మీటర్లకు పైగా లేచి పడుతుంది కనుక, నీరు తగ్గిన వేళ బురద ఎంతో దూరం బయటపడేది. ఒడ్డున మడ చెట్లు, వాటి వెనుక పాత ఓడలు, నూనె ట్యాంకులు. మాలాంటి వాళ్లు ఆదివారం పూట మాత్రమే అటు పోగలిగేవాళ్లు. మొదటిసారి పోయినప్పుడు నాయిన పిట్టలను చూడకముందే బురద అంచున కూర్చొని, చేత్తోనే ఒక పెళ్లను తీసి విరిచాడు. పైన పలుచని గోధుమ పొర, కింద నలుపు. ఆ నలుపులోకి గీతలు మాత్రం దట్టంగా దిగి ఉన్నాయి, ఒక్కో గీతలో దారమంత సన్నటి ఎర్రటి పురుగులు. చాలాసేపు చూసి, "తిండి మస్తుంది, కానీ అన్నీ చిన్నవే" అన్నాడు.

ఆ ఒక్క వాక్యం మీద నేను ఇప్పటికీ పాఠాలు చెబుతున్నాను.

చలికాలపు ఆటు వేళ అక్కడ మేసే పిట్టల్లో ఎవరి లోతు వాళ్లకు ఉండేది. అరచేతిలో ఇమిడే, పాతిక ముప్పై గ్రాముల బరువుండే స్టింట్ ముక్కు రెండు సెంటీమీటర్లకు మించదు. అది పైపొరలోని చిన్న పురుగులనే ఏరుకుంటుంది. రెడ్‌షాంక్ ఇంకొంచెం కిందికి పోతుంది. గాడ్విట్ తల నీటిలో మునిగేదాకా ముక్కు దించుతుంది. కర్ల్యూకు 15 సెంటీమీటర్ల దాకా పెరిగే వంపు ముక్కు ఉంటుంది కనుక లోతు బొరియల్లో దాగిన పెద్ద పురుగులు, పీతలు దాని వంతు. వీటిలో కొడవలి ముక్కున్న కర్ల్యూ శాండ్‌పైపర్ అనే చిన్న పిట్ట సైబీరియా ఉత్తరపు కొసన, మంచు కరిగిన బయళ్లలో గుడ్లు పెట్టి, వేల కిలోమీటర్లు ఎగిరి ఆ కంపు బురదకు వస్తుంది. అంత దూరం తిరిగి పోవడానికి కావలసిన కొవ్వును ఒంట్లో పోగు చేసుకునేది ఆ దారం పురుగులను తినే. ఈ సంగతి తెలిసిననాటి నుంచి బురద అన్న మాటను తిట్టుగా వాడడం మానేశాను.

రాజహంసలను, అంటే ఫ్లెమింగోలను, మా ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. అవి ఆ ఖాడీకి పెద్ద సంఖ్యలో రావడం మొదలైంది కూడా దాదాపు ఆ 1990లలోనే. రెండు రకాలు వచ్చేవి. చిన్న రాజహంస ముక్కులో అతి సన్నటి జల్లెడ ఉంటుంది, అది నీటిలోని నీలి ఆకుపచ్చ నాచునూ, బురద మీద పెరిగే డయాటమ్‌లు అనే సూక్ష్మమైన ఒంటికణం నాచునూ వడపోసి తింటుంది. పెద్ద రాజహంస జల్లెడ కాస్త ముతక. అది కాళ్లతో బురదను తొక్కి కలిపి, ముక్కును తలకిందులుగా దించి, పురుగులను, చిన్న రొయ్యజాతి జీవులను, గుల్లలను పట్టుకుంటుంది. వాటి ఒంటి గులాబీరంగు ఆ తిండిలోని రంగు పదార్థాల వల్ల వచ్చేదే. కచ్ రణ్‌లో గూళ్లు కట్టే ఆ పక్షులు ఇంత పెద్ద నగరపు ఒడ్డుకు ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు చెప్పే ముఖ్య కారణాల్లో ఒకటి, ఆ నగరపు మురుగు.

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయాన్ని సగం తెలుసుకొని ఆగిపోయేవాళ్లు ఎక్కువ. మనుషుల మలమూత్రాలలో, సబ్బుల నురుగులో, పొలాల నుంచి కొట్టుకొచ్చిన యూరియా, డీఏపీలలో నత్రజని, భాస్వరం ఉంటాయి. ఇవి నీటిలో చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. సముద్రంలో చాలా చోట్ల నత్రజని, చెరువుల్లో ఎక్కువగా భాస్వరం దాన్ని నడిపిస్తాయి. చచ్చిన నాచు అడుగుకు దిగి పురుగులకు తిండి అవుతుంది. కొంత మేరకు ఇది పిట్టలకు పండుగే: పురుగులు పెరుగుతాయి, పిట్టలు పెరుగుతాయి. మురుగు ఇంకా ఎక్కువైతే, ఆ నాచును కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా తక్కువకు పడిపోతే అడుగున బతికే జీవుల్లో చాలావాటికి కష్టమే. మొదట పోయేవి ఏళ్ల తరబడి బతికి పెద్దగా పెరిగే గుల్లలు, లోతు బొరియల పురుగులు. వాటి చోటును నెలల్లో పుట్టి పెరిగి చచ్చే చిన్న పురుగులు ఆక్రమిస్తాయి. వాటిలో కాపిటెల్లా అనే సన్నటి పురుగు ప్రపంచమంతటా మురుగు బురదకు గుర్తుగా చెప్పబడేది. అదీ దాటితే నల్లటి బురద తప్ప ఏమీ మిగలదు. ఈ మెట్లను పియర్సన్, రోసెన్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1978లో వరుసగా కూర్చి చూపించారు. ఆ పటాన్ని పుస్తకంలో చూసినప్పుడు నాకు వినిపించింది నాయిన గొంతే. చిన్న పురుగులే దట్టంగా ఉన్నాయంటే, ఆ బురద మధ్య మెట్టు మీద ఉందని అర్థం.

శివడీ బురద చివరి మెట్టుకు పడిపోకుండా ఉండడానికి ఆటుపోట్లే పెద్ద కారణమని నా అభిప్రాయం. రోజుకు రెండుసార్లు గాలి తగిలే బురదకు, ఎప్పుడూ నీటి కిందే ఉండే లోతు అడుగుకు చాలా తేడా ఉంది. లోతు అడుగున ఊపిరి ఆడక జీవం నశించిన మృత మండలాలు తీర సముద్రాల్లో 400కు పైగా ఉన్నాయని, వాటి విస్తీర్ణం కలిపితే 2,45,000 చదరపు కిలోమీటర్లు ఉంటుందని 2008లో డియాజ్, రోసెన్‌బర్గ్ లెక్క చెప్పారు. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా అంతకు కొంచెం మాత్రమే ఎక్కువ. పిట్ట ఎంత పొడవు ముక్కు దించినా అటువంటి చోట దొరికేది ఏమీ ఉండదు.

అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ అఖాతం కథ పిల్లలకు ప్రతి ఏడూ చెబుతాను. అక్కడ చలికాలం గడిపే కాన్వాస్‌బ్యాక్ అనే బాతు ఒకప్పుడు నీటి అడుగున పెరిగే ఒక రకం గడ్డి దుంపలను ప్రీతిగా తినేది. దాని శాస్త్రీయనామంలో కూడా ఆ మొక్క పేరే ఉంటుంది. పోషకాలు ఎక్కువై నీరు మసకబారడంతో వెలుతురు అందక ఆ గడ్డి పోతూ వచ్చింది, 1972లో ఆగ్నెస్ తుఫాను మిగిలినదాన్నీ ఊడ్చేసింది. గడ్డి మీదే ఆధారపడిన రెడ్‌హెడ్ బాతులు ఆ అఖాతాన్ని చాలావరకు వదిలిపోయాయి. కాన్వాస్‌బ్యాక్ మాత్రం బురదలోని చిన్న గుల్లలకు అలవాటు పడింది. తిండి మార్చుకోగలిగినవాళ్లు నిలిచారు, మార్చుకోలేనివాళ్లు వేరే నీళ్లు వెతుక్కున్నారు.

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో దగ్గర జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆ నగరపు మురుగు కలిసే చోట స్కాప్ అనే సముద్రపు బాతులు వేలకు వేలు చేరేవి. 1970ల చివర మురుగును శుద్ధి చేసి వదలడం మొదలయ్యాక వాటి సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. ఇది విని, మురుగును అలాగే వదిలితే పిట్టలకు మేలు కదా అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలో ఒకరిద్దరు ఉంటారు, అడగవలసిన ప్రశ్నే అది. అదే స్కాట్లండ్‌లో ఐథన్ అనే నదీముఖంలో, పొలాల నత్రజని వల్ల బురద మీద పచ్చటి నాచు దుప్పటిగా పరుచుకొని, కింద ఉన్న చిన్న రొయ్యజాతి జీవులు చచ్చి, వాటిని తినే పిట్టలకు మేత తగ్గిన సంగతిని వాళ్లకు చెబుతాను. మురుగు పెట్టే తిండికి హద్దు ఎక్కడుందో ఏ పిట్టకూ ముందుగా తెలియదు. శుద్ధి చేసిన నీళ్లలో బాతులు తగ్గడం నష్టమే కావచ్చు, కానీ ఆ నష్టానికి భయపడి మురుగును పోషించే ఆలోచనను నేను ఒప్పుకోను. మురుగుతో పోషకాలు ఒక్కటే రావు. లోహాలు, రసాయనాలు, రోగాలు కూడా వస్తాయి. 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సులో పద్దెనిమిది వేలకు పైగా పక్షులు బొటులిజం అనే, బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే జబ్బు సోకి చనిపోయాయి. ఆ విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా ఊపిరాడని బురదలోనే పెరుగుతుంది, పురుగులు దాన్ని మోసుకొచ్చి పిట్టల కడుపులోకి చేరుస్తాయి.

థానే ఖాడీలో కొంత భాగాన్ని 2015లో ఫ్లెమింగో అభయారణ్యంగా ప్రకటించారు, 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2024 జనవరిలో శివడీ నుంచి మొదలయ్యే పొడవైన సముద్రపు వంతెనను తెరిచారు. మేము కూర్చున్న బురద మీదుగానే అది పోతుంది. లక్ష దాటిన రాజహంసల లెక్కను చూసి ఖాడీ ఆరోగ్యంగా ఉందని మురిసిపోయే మాటలు చదివినప్పుడల్లా, కర్ల్యూలు ఎన్ని, పెద్ద గుల్లలు ఎన్ని అని అడగాలనిపిస్తుంది. రాజహంసల మీద నాకు ప్రేమ తక్కువై కాదు, నాచు తినే పక్షి పెరగడం ఒక్కటే అడుగు బురద సంగతి చెప్పదు కాబట్టి.

మా ఊరి చెరువు కూడా మునుపటిలా లేదు. భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చాక చెరువు ఎండాకాలంలోనూ నిండుగా ఉంటోంది, రెండో పంట పండుతోంది, బొంబాయి బస్సెక్కేవాళ్లు తగ్గారు. దీనికన్నా సంతోషం మా ఇంట్లో ఇంకోటి లేదు. అంచులు ఎండకపోవడంతో ఉల్లంకి పిట్టలకు తడి బురద తగ్గిందన్నది కూడా నిజమే, దానికి బాధపడడం నాకు తప్పు అనిపించదు. పట్టణం మురుగు కాలువలు వచ్చి కలిసే ఇంకో చెరువు మా బడికి దగ్గరలో ఉంది. గుర్రపుడెక్క నిండిన ఆ నీటి అంచున పొడవాటి ఎర్రకాళ్ల నల్లరెక్కల పిట్టలు, కంకణాలు ఊరి చెరువులో కన్నా ఎక్కువగా కనిపిస్తాయి. పిల్లలతో ఆ మట్టిని జల్లిస్తే దొరికేవి దాదాపు అన్నీ ఒక్క రకం ఎర్రటి పురుగులే. అవి ఒక జాతి దోమవంటి ఈగ పిల్లలు. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వంటిదే వాటి ఒంట్లోనూ ఉండడం వల్ల ఆక్సిజన్ తక్కువైన చోటా బతుకుతాయి. ఊరి చెరువు మట్టిలో నత్తలు, ఆల్చిప్పలు, తూనీగ పిల్లలు ఇంకా దొరుకుతున్నాయి.

ఈ చలికాలం రెండు చెరువుల మట్టినీ నెలకోసారి జల్లించి, ఏ పురుగు ఎంత దొరికిందో, అంచున ఏ పిట్ట ఎన్ని ఉన్నాయో పక్కపక్కన రాసిపెట్టాలని తొమ్మిదో తరగతి పిల్లలు నిర్ణయించుకున్నారు. అర మిల్లీమీటరు కన్నులున్న జల్లెడ ఒకటి చేయించాము. నాయినను బడికి పిలిచి చూపిస్తే, జల్లెడ బాగానే ఉంది కానీ ముందు పెళ్లను విరిచి గోధుమ పొర ఎంత మందముందో, గీతలు ఎంత లోతుకు దిగాయో చూసి రాసుకున్నాకే జల్లించాలని పట్టుబట్టాడు. పట్టికలో మొదటి గడిని దానికే కేటాయించాము.